మూత కొట్టుకునేదా, తెరుచుకుని ఊరుకునేదా? రిక్తోఫెనియా కుటుంబం తిండి మీద చర్చ

రాతిపురుగు:
శిలాజాల ఫొటోల టాపిక్‌లో ఒకరు శంకువు ఆకారంలో ఉన్న గుల్ల ఫొటో పెట్టి "ఇది పగడమా?" అని అడిగారు. కాదు, అది బ్రాకియోపాడ్, అంటే రెండు చిప్పల గుల్లలో బతికే సముద్రజీవి. పెర్మియన్ కాలపు (దాదాపు 30 నుంచి 25 కోట్ల ఏళ్ల కిందటి) రిక్తోఫెనియా కుటుంబానిది. అక్కడ మొదలైన వాదన ఫొటోల మధ్య నలిగిపోతోందని ఇక్కడ విడిగా పెడుతున్నా.

తెలియనివాళ్ల కోసం ముందు దాని నిర్మాణం. మామూలు బ్రాకియోపాడ్‌కి రెండు చిప్పలు, దాదాపు ఒకే సైజులో ఉంటాయి. వీటిలో కింది చిప్ప కొన్ని సెంటీమీటర్ల పొడవున్న శంకువుగా పెరిగింది. దాని మొన నేలకో, పక్కవాడి గుల్లకో అతుక్కుంటుంది. చుట్టూ వేర్లలాంటి ముళ్లు వచ్చి ఆ పట్టుని గట్టిపరుస్తాయి. పై చిప్ప పలచని బల్లపరుపు మూత. కుండ మీద మూత పెట్టినట్టు కాదు, కుండ నోట్లోంచి కాస్త లోపలికి దించి పెట్టినట్టు ఉంటుంది. వెనకవైపు తిన్నని కీలు. జంతువు బతికేది పైభాగంలో ఉన్న చిన్న గదిలో మాత్రమే. పెరిగేకొద్దీ కింది ఖాళీని సన్నటి అడ్డపొరలతో మూసేసుకుంటూ పైకి జరుగుతుంది.

అసలు ప్రశ్న: ఇది తిండి ఎలా తిన్నది? ఇప్పుడున్న బ్రాకియోపాడ్‌లన్నీ చిప్ప కొద్దిగా తెరిచి, లోపలున్న లోఫోఫోర్ అనే కుచ్చు మీది శైలికలతో (సన్నని వెంట్రుకల్లాంటివి) నీటిని లాగి, అందులోని సూక్ష్మజీవుల్ని వడకట్టుకుంటాయి. 1961లో శిలాజ శాస్త్రవేత్త మార్టిన్ రడ్విక్ ఈ కుటుంబంలోదే, టెక్సస్‌లో దొరికిన ప్రోరిక్తోఫెనియాని పరిశీలించి వేరే మాట చెప్పాడు. ఇందులో నీటిని కదిలించింది శైలికలు కాదు, మూతే. మూత లయగా పైకీ కిందికీ కొట్టుకుంటూ నీటిని లోపలికి లాగి, బయటికి తోసేదన్నాడు. నా ఓటు రడ్విక్‌కే. ఆ మూత చూడండి: పలచన, తేలిక, కీలు మీద బాగా వెనక్కి తిరుగుతుంది. ఊరికే సందు తెరవడానికైతే అంత తిరగాల్సిన పనేముంది?

సందేహాలరావు:
ఒక్క డౌట్. ఆల్చిప్పకీ దీనికీ తేడా ఏంటి? రెండింటికీ రెండు చిప్పలే కదా.

జువాలజీ మాస్టారు:
సందేహాలరావు గారూ, చిప్పలు రెండని చుట్టాలైపోవు. ఆల్చిప్పకి ఎడమ చిప్ప, కుడి చిప్ప. బ్రాకియోపాడ్‌కి వీపు చిప్ప, పొట్ట చిప్ప. లోపలి జంతువు వేరు, వంశం వేరు. ఆల్చిప్ప మొలస్కా, ఇది కాదు. ఇంకో తేడా ఉంది, ఈ వాదనకి అదే కీలకం. దాని సంగతి తర్వాత చెప్తాను.

రాతిపురుగు గారూ, మీ ఆఖరి ప్రశ్నలోనే చిక్కుంది. "అంత తిరగగలిగినప్పుడు తిరిగి ఉంటుంది కదా" అంటున్నారు. మన మోచెయ్యి పూర్తిగా మడుస్తుంది, అలాగని రోజంతా మడుస్తూ తెరుస్తూ కూర్చోం. తిరగగలగడం వేరు, తిరుగుతూ ఉండటం వేరు. రడ్విక్ వాదం మీద రిచర్డ్ గ్రాంట్ ఎత్తిన అభ్యంతరాల్లో సారం ఇదే. గ్రాంట్ స్మిత్సోనియన్‌లో ఆర్థర్ కూపర్‌తో కలిసి ఈ టెక్సస్ శిలాజాల మీదే ఏళ్ల తరబడి పనిచేసినవాడు. వీటిని చేత్తో పట్టుకుని చూసిన వాళ్లలో ఆయన్ని మించినవాళ్లు తక్కువ.

1972లో ఆయన ప్రొడక్టిడ్‌లు అనే బ్రాకియోపాడ్ గుంపు లోఫోఫోర్ మీద పెద్ద వ్యాసం రాశాడు. మన రిక్తోఫెనియా కుటుంబం ఆ గుంపులోదే. ప్రొడక్టిడ్ మూత లోపలి ముఖం మీద కొన్ని గట్లు మెలిక తిరిగి కనిపిస్తాయి, అవి లోఫోఫోర్ ఆనుకున్న చోటు అని ఆయన వాదన. లోఫోఫోర్ ఉంటే శైలికలున్నట్టే. శైలికలుంటే మూత కొట్టుకోవాల్సిన అవసరమే లేదు.

రాతిపురుగు:
మాస్టారూ, లోఫోఫోర్ లేదని నేననలేదు. నీటిని కదిలించేది మూత, వచ్చిన నీటిలోంచి తిండి ఏరుకునేది లోఫోఫోర్ అయితే రెండూ కుదురుతాయిగా? గట్లు చూపించినంత మాత్రాన మూత కదల్లేదని తేలదు.

పంపుసెట్ ప్రసాద్:
నేను మెకానికల్ మనిషిని, శిలాజాల్లో ఓనమాలు కూడా రావు. ఈ మూత సంగతి మాత్రం నిద్ర పట్టనివ్వడం లేదు, అందుకే దూరుతున్నా.

రడ్విక్ నమూనా చేసి నీళ్లలో ఆడించి చూశాడని చదివాను. మూత లేచేటప్పుడు నీరు లోపలికి వస్తుంది, దిగేటప్పుడు బయటికి పోతుంది. ఇంతవరకూ ఎవరైనా ఊహించేదే. నాకు నచ్చింది వచ్చే దారి, పోయే దారి ఒకటి కాకపోవడం. ఏ పంపుకైనా పెద్ద తలనొప్పి అదే. వాడి పారేసిన నీళ్లే మళ్లీ లోపలికొస్తే ఎంత కొట్టినా ప్రయోజనం సున్నా. వాల్వు లేకుండా ఆ పని జరగాలంటే ఆకారం సాయం చెయ్యాలి. మూత శంకువు నోట్లోకి దిగి ఉండటం, చుట్టూ గోడ ఉండటం అందుకు పనికొస్తాయి. బయటికి పోయే నీరు ఒక దిక్కున ధారగా దూరం పోతుంది. లోపలికి వచ్చేది దగ్గర్లో అన్ని వైపుల నుంచీ నెమ్మదిగా వస్తుంది. కొవ్వొత్తిని ఊదితే ఆరుతుంది, పీలిస్తే ఆరదు. ఇదీ ఆ లెక్కే.

అందుకని డిజైన్ పరంగా ఇది పనిచేసే మెషీనే. కానీ నమూనాలో మూతని ఆడించింది మనిషి. మోటారు బయట ఉంది. అసలు జంతువులో మోటారు ఎంత హార్స్‌పవర్? అది చెప్పకుండా పంపు బాగుందంటే నేను సంతకం పెట్టను.

జువాలజీ మాస్టారు:
ప్రసాద్ గారూ, సరిగ్గా అక్కడికే వస్తున్నాను. ఇందాక దాచిపెట్టిన తేడా ఇదే.

ఆల్చిప్ప జాతుల్లో స్కాలప్ అని ఒకటుంది. చిప్పలు టపటపలాడిస్తూ నీళ్లలో ఈదుతుంది. దాని కీలు దగ్గర రబ్బరులాంటి మెత్త ఉంటుంది. కండరం చిప్పని మూసినప్పుడు ఆ మెత్త నొక్కుకుంటుంది, కండరం వదలగానే మెత్త తనంతట తానే తెరుస్తుంది. అంటే సగం పని స్ప్రింగు చేసిపెడుతుంది, కండరానికి మూసే పని ఒక్కటే. బ్రాకియోపాడ్‌కి ఈ స్ప్రింగు లేదు. మూయడానికి ఒక జత కండరాలు, తెరవడానికి ఇంకో జత. తెరిచే కండరం కీలుకి అవతల ఉన్న చిన్న బుడిపెని పట్టి లాగితే, ఇవతల మూత లేస్తుంది. పక్కా తులాదండం. పట్టు కీలుకి చాలా దగ్గర, మూత అంచు చాలా దూరం. కండరం కాస్త ముడుచుకుంటే చాలు అంచు ఎక్కువ దూరం కదులుతుంది, కానీ బలం అదే నిష్పత్తిలో తగ్గిపోతుంది. పైగా నీటిని ఎత్తుతూ లేవాలి.

మూసే కండరంలో వేగంగా ముడుచుకునే భాగం, బిగించి పట్టే భాగం వేరువేరుగా ఉంటాయని, బతికున్న బ్రాకియోపాడ్‌లని చూసి చెప్పింది కూడా రడ్విక్కే, అదే 1961లో. అంటే టప్పున మూసుకోవడం వాటికి చేతనవును, ప్రాణం మీదికొస్తే అదే చేస్తాయి. లయగా, గంటలు గంటలు తెరిచి మూసే జాతి మాత్రం ఈరోజు ఒక్కటీ లేదు. బ్రాకియోపాడ్‌లు ఖర్చు తక్కువ బతుకు బతికే జంతువులు. అదే సైజు ఆల్చిప్పతో పోలిస్తే వాడే ఆక్సిజన్ తక్కువ. అలాంటి వంశంలో ఒకే ఒక కొమ్మ నిమిషం ఖాళీ లేకుండా మూత ఆడిస్తూ బతికిందంటే, గుల్ల లోపల కండరం అతుక్కున్న చోట మిగిలిన మచ్చల్లో ఆ బలం కనబడాలి. నా కంటికైతే కనబడదు.

ఉప్పుకొండ:
వాదన బాగుంది గానీ అందరూ టెక్సస్ చుట్టే తిరుగుతున్నారు. రిక్తోఫెనియా కథ మొదలైంది మన పక్కనే. ఇప్పుడు పాకిస్తాన్ పంజాబ్‌లో ఉన్న సాల్ట్ రేంజ్ కొండల్లో ఫ్లెమింగ్ అనే డాక్టరు ఏరిన శిలాజాలని 1863లో బెల్జియం శాస్త్రవేత్త డి కోనింక్ వర్ణించాడు. వాటిలో ఈ గుల్ల ఉంది. ఆయన దీన్ని అనోమియా అనుకున్నాడు. అంటే ఆల్చిప్ప! సందేహాలరావు గారి డౌట్ కొత్తదేం కాదు. రిక్తోఫెనియా అనే పేరు 1881లో కైజర్ అనే జర్మన్ శాస్త్రవేత్త పెట్టాడు, చైనాలో తిరిగొచ్చిన ఫెర్డినాండ్ ఫాన్ రిక్తోఫెన్ పేరు మీద. "సిల్క్ రోడ్" అన్న మాట వాడుకలోకి తెచ్చిన రిక్తోఫెన్ ఈయనే. తర్వాత జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ప్రచురణల్లో వాగెన్ సాల్ట్ రేంజ్ శిలాజాల మీద సంపుటాలు రాశాడు. ఈ గుల్ల పగడం పోలిక చూసి, బ్రాకియోపాడ్‌లలోనే దీనికోసం కోరల్లియాప్సిడా అని వేరే విభాగం పెట్టేశాడు. ఇలా చూసినవాడల్లా ఇంకో జంతువుని గుర్తు చేసుకున్నాడు.

ఈ అలవాటు మూత వాదనలోనూ ఉంది. 1970లో రిచర్డ్ కోవెన్ అనే ఇంకో శిలాజ శాస్త్రవేత్త మూడో దారి చూపించాడు. ట్రిడాక్నా అనే రాక్షస ఆల్చిప్ప తన కండలో నాచుకణాల్ని పెంచుకుని, అవి ఎండలో చేసే తిండి తింటుంది కదా, వీళ్లూ అదే పని చేసి ఉండొచ్చన్నాడు. మూత బాగా వెనక్కి తెరిస్తే లోపలి ప్రావారం (చిప్పకి ఆనుకుని ఉండే మెత్తని పొర) ఎండకి పరుచుకుంటుంది. అంటే రాతిపురుగు గారు అడిగిన "అంత తిరగాల్సిన పనేముంది" అన్నదానికి ఇదీ ఒక జవాబే. కొట్టుకోవడానికి తెరవలేదు, ఎండ కాచుకోవడానికి తెరిచింది.

సందేహాలరావు:
సోలార్ ప్యానెల్ అన్నమాట 😀 ఇంక కరెంటు బిల్లు కూడా లేదు.

మోడరేటర్:
జోకులు కబుర్ల విభాగంలో. ఇందాక ఇద్దరు పరిణామవాదమే అబద్ధమని రాసిన పోస్టులు తీసేశాను, ఇక్కడి ప్రశ్న అది కాదు.

రాతిపురుగు:
ఉప్పుకొండ గారూ, నాచు ఊహ వినడానికి అందంగా ఉంది, ఈ శిలాజాలు దొరికిన టెక్సస్ గుట్టలు ఒకప్పుడు లోతు తక్కువ వెచ్చని సముద్రంలోవే, అదీ నిజమే. కానీ హెర్కోసెస్ట్రియా సంగతేంటి? అదీ వీటి దగ్గరి చుట్టమే. దాని శంకువు నోటి మీద ముళ్లు ఒకదాన్నొకటి కలుపుకుని జల్లెడలా అల్లుకున్నాయి. కాసినిడియం అంటారు. ఎండ కావాల్సినవాడు కిటికీకి అంత దట్టమైన జాలీ ఎందుకు కట్టుకుంటాడు?

మాస్టారు "బతికున్నవాటిలో ఒక్కటీ లేదు" అన్నారు. మధ్యధరా సముద్రంలో లకాజెల్లా అనే బ్రాకియోపాడ్ ఉంది. కింది చిప్ప రాతికి అతుక్కుని ఉంటుంది, పై చిప్ప దాదాపు నిలువుగా లేచేదాకా తెరుచుకుంటుంది. ఏదైనా తగిలితే టప్పున మూస్తుంది. ఆ తులాదండంతోనే, ఆ స్ప్రింగు లేని కీలుతోనే. అంటే పెద్దగా తెరవడం, వేగంగా మూయడం రెండూ బ్రాకియోపాడ్ ఒంటితో సాధ్యమేగా. మిగిలింది దాన్ని మళ్లీ మళ్లీ చేయడం ఒక్కటే. 1975లో లెథైయా పత్రికలో ఈ కొట్టుకునే మూతల మీద మళ్లీ వ్యాసాలొచ్చాయి, కోవెన్ కూడా రాశాడు. అంటే నాచు చెప్పినవాడు సైతం ఈ ప్రశ్నని వదిలిపెట్టలేదు.

జువాలజీ మాస్టారు:
లకాజెల్లా మంచి ఉదాహరణ, కానీ మీకు కాదు, నాకు. అది మూత తెరిచి పెట్టి ఏం చేస్తుంది? కొట్టుకోదు. తెరిచి ఉంచి, లోఫోఫోర్ శైలికలతోనే తింటుంది. నిలువుగా తెరిచే మూత, అతుక్కున్న కింది చిప్ప, అచ్చం మీ రిక్తోఫెనిడ్ లాంటి ఏర్పాటు. అయినా తిండి పాతపద్ధతే. ఇంతకన్నా దగ్గరి పోలిక మీరెక్కడా తేలేరు.

ఇంకోటి. రడ్విక్ పద్ధతి సంగతి ఎవరూ ఎత్తలేదు. శిలాజం ఏ పని చేసిందో తేల్చడానికి ముందు ఒక పని ఊహించాలి, ఆ పనికి ఆదర్శమైన ఆకారం గీయాలి, శిలాజం దానికి ఎంత దగ్గరగా ఉందో చూడాలి. దీన్ని ఆయన 1964లో విడిగా వివరించాడు. అందం ఉంది, ప్రమాదమూ ఉంది. ఊహించని పనిని ఈ పద్ధతి ఎప్పటికీ కనిపెట్టదు. పోటీ ఊహల్ని పక్కన పెట్టి ఒక్కదాన్నే కొలిస్తే అది బాగానే కుదిరినట్టు కనిపిస్తుంది. లకాజెల్లా పద్ధతిని కూడా అదే శ్రద్ధతో గీసి, రెండు గీతల్నీ పక్కపక్కన పెట్టి ఉంటే నేను ఇంత మాట్లాడేవాణ్ణి కాదు.

పంపుసెట్ ప్రసాద్:
ఆ జల్లెడ మాట నన్ను పట్టుకుంది. రెండు వైపుల వాళ్లూ దాన్ని సరిగ్గా వాడుకోవడం లేదనిపిస్తోంది.

జల్లెడ అంటే నీటికి అడ్డు. శైలికలు ఇచ్చే ఒత్తిడి బహు తక్కువ. అంత తక్కువ ఒత్తిడితో తిండి లాగేవాడు తన నోటికి తానే జల్లెడ బిగించుకుంటే ప్రవాహం పడిపోతుంది. పైగా బురద పట్టి పూడుకుపోతుంది. మూత కొట్టుకుంటే, మూసిన ప్రతిసారీ నీరు లోపలినుంచి బయటికి తన్ని ఆ జల్లెడని కడిగేస్తుంది. ఫిల్టరుకి బ్యాక్‌వాష్ ఇచ్చినట్టే. ఈ పాయింటు రాతిపురుగు గారికి.

ఇప్పుడు తిరగేసి చూడండి. జల్లెడ నోటి మీద ఉంది, మూత దాని కింద. మూత నిలువుగా లేవాలంటే పైన ఖాళీ కావాలి. లేకపోతే మూత అంచు పోయి జల్లెడకి తగులుతుంది. కాబట్టి హెర్కోసెస్ట్రియాలో మూత ఎంత లోతున ఉందో, కీలు నుంచి అంచు దాకా ఎంత పొడవుందో కొలిస్తే, గరిష్ఠంగా ఎన్ని డిగ్రీలు తెరుచుకుంటుందో స్కూలు త్రికోణమితితో తేలిపోతుంది. కోణం చిన్నదైతే ఒక్క దెబ్బకి కదిలే నీరు కూడా తక్కువే. అప్పుడు పంపు కథ కనీసం ఈ ప్రజాతికి చెల్లదు.

ఉప్పుకొండ:
అలా కొలవడానికి టెక్సస్ సరుకుకి మించింది లేదు. గ్లాస్ మౌంటెన్స్ సున్నపురాయిలో గుల్లలన్నీ సిలికాగా మారిపోయాయి. రాయిని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేస్తే సున్నం కరిగిపోతుంది, సిలికా కరగదు. తొట్టి అడుగున ముళ్లతో సహా, జల్లెడతో సహా గుల్ల మిగులుతుంది. సుత్తి, ఉలి పెట్టి తీస్తే ఆ ముళ్లలో ఒక్కటీ దక్కేది కాదు. కూపర్, గ్రాంట్ టన్నుల కొద్దీ రాయిని ఇలా కరిగించారు. 1972 నుంచి 1977 దాకా ఆరు భాగాలుగా ప్రచురించారు. మూత కీలుమీదే నిలిచిన నమూనాలుంటే వాటికి స్కానింగ్ చేసి, కంప్యూటర్లో మూతని తిప్పి చూడొచ్చు. రడ్విక్ కాలంలో ఆ సదుపాయం లేదు.

ఇంకొక సంగతి కూడా వెతకాలి: మూత పై ముఖం మీద అతుక్కుని పెరిగిన చిన్న జీవులు. అవి గుల్ల బతికుండగానే, మూత మధ్యలో, ఎక్కడా విరగకుండా పెద్దవై ఉంటే, నిరంతరం కొట్టుకునే మూత మీద అవి అలా పెరగడం కష్టం.

సందేహాలరావు:
నాకిప్పుడు అర్థమైంది ఏంటంటే ప్రోరిక్తోఫెనియా గురించి ఒకరు, హెర్కోసెస్ట్రియా గురించి ఒకరు, రిక్తోఫెనియా గురించి ఒకరు మాట్లాడుతూ, అన్నిటినీ ఒకటే అన్నట్టు కొట్టుకుంటున్నారు. ఒక్కొక్కటి ఒక్కోలా తినుండకూడదా?

జువాలజీ మాస్టారు:
తినుండొచ్చు బాబూ. డిగ్రీ పిల్లలకి పాఠం చెప్పేటప్పుడు "రిక్తోఫెనిడ్‌లు మూత కొట్టుకునేవి" అని ఒక్క వాక్యంలో తేల్చేసే పుస్తకాలతోనే నా తగువు. రడ్విక్ రాసింది ప్రోరిక్తోఫెనియా మీద. దాన్ని కుటుంబం మొత్తానికి పూసేసింది తర్వాతివాళ్లు. జల్లెడ ఉన్నవాటికి ప్రసాద్ గారి లెక్క వర్తిస్తుంది. జల్లెడ లేని, మూతకి పైన జాగా బాగా ఉన్నవాటికి లకాజెల్లా లెక్క వర్తిస్తుంది, అంటే తెరిచి పెట్టి శైలికలతో తినడం. కొట్టుకునే మూతకి నేను పూర్తిగా తలుపు వేయడం లేదు. కండరం మచ్చలు, కీలు అవతలి బుడిపె పొడవు, మూత వైశాల్యం, ఈ మూడూ కలిపి లెక్కగట్టి, ఈ బలం చాలుతుందని చూపించమంటున్నాను. ఆ బాధ్యత కొత్త పద్ధతి చెప్పేవాళ్లది. ఉన్న పద్ధతి చెప్పేవాణ్ణి, నన్ను రుజువు అడగకండి.

రాతిపురుగు:
ఉన్న పద్ధతికి రుజువు అక్కర్లేదంటే ఎలా మాస్టారూ? లోతుగా దిగిన మూత, చుట్టూ ఎత్తు గోడ ఉన్న ఈ ఒంట్లో శైలికల ప్రవాహం అసలు ఎలా నడిచేదో మీరూ చూపించాలి. లకాజెల్లాకి ఆ గోడ లేదు, దాని మూత తెరిస్తే నేరుగా బయటి నీళ్లలోకే. ఇక్కడ తెరిచినా ఇంకా శంకువు నోట్లోనే ఉంటుంది. వాడిన నీళ్లు పైకి పోయి మళ్లీ అదే నోట్లోకి రాకుండా ఆపేదేంటి? ప్రసాద్ గారు మొదటి పోస్టులో అడిగిన ప్రశ్న శైలికలకి కూడా వర్తిస్తుంది.

పంపుసెట్ ప్రసాద్:
వర్తిస్తుంది. ఎవరైనా నాకు జల్లెడ లేని ఒక ప్రోరిక్తోఫెనియా నిలువుకోత బొమ్మ, స్కేలుతో సహా పంపండి. మూత లోతు, గోడ ఎత్తు, కీలు స్థానం కనిపిస్తే చాలు. మూత కొట్టుకుంటే ఒకటి, తెరిచి పెట్టి ఒక పక్క నుంచి లాగి ఇంకో పక్కకి తోస్తే ఒకటి, రెండు ప్రవాహాలూ ఆఫీసు సాఫ్ట్‌వేర్లో నడిపి ఇక్కడే పెడతా. వచ్చే ఆదివారం దాకా లైసెన్సు ఖాళీగానే ఉంటుంది.